చవక క్యామ్‌కార్డర్ల చరిత్ర - మా ఇంటి అట్టపెట్టె సాక్షిగా

మొన్నామధ్య సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక మీంచి ఒక అట్టపెట్టె దింపాను. అందులో ఏడు చిన్న టేపులు, పదకొండు బుల్లి డిస్కులు, రెండు ఛార్జర్లు, పనిచెయ్యని కెమెరా ఒకటి ఉన్నాయి. టేపులు 1992లో పెదనాన్న కువైట్ నుంచి తెచ్చిన క్యామ్‌కార్డర్‌వి. డిస్కులు 2006లో బాబాయ్ అమెరికా నుంచి తెచ్చినదానివి.

మా మామ్మ 2011లో పోయింది. ఫోటోలైతే ఉన్నాయి గానీ, ఆవిడ మాట్లాడుతున్న వీడియో ఒక్కటంటే ఒక్కటి కూడా ఎవరి ఫోన్లోనూ లేదు. ఉంటే గింటే ఆ పెట్టెలోనే ఉండాలి.

"ఇంట్లో నలుగురు కంప్యూటరు వాళ్ళున్నారు, ఆ మాత్రం చూపించలేరట్రా?" అంది పెద్దమ్మ.

నిజంగానే చూపించలేకపోయాం. టేపు పెట్టడానికి కెమెరా లేదు. డిస్కు పెడితే నా పాత లాప్‌టాపు "ఇది ఖాళీ డిస్కు" అంది. రోజూ ఆఫీసులో డేటా మైగ్రేషన్ల గురించి గంటలు గంటలు మాట్లాడే నాకు సొంత ఇంటి డేటా దగ్గర నోరు పడిపోయింది.

తరవాత మూడు నెలలు ఈ పని మీదే పడ్డాను. ఆ మూడు నెలల్లో అర్థమైంది ఏంటంటే, పెదనాన్న టేపు ఎందుకు కొన్నాడో, బాబాయ్ డిస్కు ఎందుకు కొన్నాడో తెలియకుండా ఈ పెట్టె కథ తేలదు. "ఇంట్లో తీసుకోడానికి, మన బడ్జెట్లో, ఏ కెమెరా మంచిది?" అనే ప్రశ్న తొంభై ఏళ్ళ నుంచి ఉంది. జవాబు మాత్రం పదేళ్ళకోసారి మారిపోతూ వచ్చింది. ఆ కథే ఈ టపా. కాస్త పెద్దదే, టీ పెట్టుకుని చదవండి :)

దీపం ముందు పెడితే కనబడే బొమ్మ

1923లో కోడక్ వాడు ఇళ్ళలో వాడుకోడానికని 16 మిల్లీమీటర్ల ఫిల్ము తెచ్చాడు. అది డబ్బున్నవాళ్ళ సరదా. ఆ తరవాత అమెరికాలో మాంద్యం వచ్చి జనం చేతుల్లో డబ్బులు లేకుండా పోయాయి. అప్పుడు 1932లో 'సినీ-కోడక్ ఎయిట్' వచ్చింది. నా లెక్కలో ఇంటి సినిమాకి మొట్టమొదటి చవక కెమెరా ఇదే.

అందులో కిటుకు భలేగా ఉంటుంది. 16 మి.మీ. ఫిల్మునే లోపల పెట్టి సగం వెడల్పు మీద మాత్రమే బొమ్మలు తీస్తారు. చివరిదాకా వెళ్ళాక ఫిల్ము తిప్పి పెట్టి మిగిలిన సగం మీద తీస్తారు. కడిగాక నిలువునా చీల్చి రెండు ముక్కల్నీ అతికిస్తారు. 25 అడుగుల ఫిల్ము కాస్తా 50 అడుగులవుతుంది, సుమారు నాలుగు నిమిషాల సినిమా. బొమ్మ చిన్నదవుతుంది కానీ ఖర్చు తగ్గుతుంది. 1965లో వచ్చిన సూపర్ 8లో ఆ చీల్చడం గొడవ పోయింది, కార్ట్రిడ్జ్ లోపలికి తోసేస్తే చాలు. నిమిషాలు మాత్రం పెరగలేదు. సెకనుకి 18 ఫ్రేముల లెక్కన ఒక కార్ట్రిడ్జ్‌కి 3 నిమిషాల 20 సెకన్లు. ధ్వని సంగతి అడక్కండి, 1973 దాకా సూపర్ 8కి నోరే లేదు.

అంత తక్కువలోనే చరిత్ర కూడా పట్టుబడింది. 1963 నవంబరు 22న డల్లాస్‌లో కెనడీ హత్యని అబ్రహాం జప్రూడర్ అనే బట్టల వ్యాపారి తన 8 మి.మీ. ఇంటి కెమెరాతో తీశాడు. మొత్తం కలిపి 26 సెకన్లు, మూకీ.

ఈ ఫిల్ముకి ఒక గొప్పతనం ఉంది, అది అప్పట్లో ఎవరూ గొప్పగా చెప్పుకోలేదు. దాన్ని ఇవాళ దీపం ముందు పట్టుకున్నా బొమ్మ కనబడుతుంది. ప్రొజెక్టరు లేకపోయినా లోపల ఎవరున్నారో తెలుస్తుంది. ఆ తరవాత వచ్చిన ఏ పద్ధతికీ ఈ గుణం లేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

తీస్తుంది గానీ చూపించదు

టేపు కథ ఇళ్ళలోకి వచ్చింది 1975లో సోనీ బీటామ్యాక్స్‌తో, 1976లో జేవీసీ వీహెచ్ఎస్‌తో. అప్పట్లో బయట షూటింగ్ చెయ్యాలంటే కెమెరా చేతిలో, రికార్డరు భుజాన, మధ్యలో వైరు. ఈ రెండిట్నీ కలిపి ఒకే డబ్బాలో పెట్టి 1983లో సోనీ అమ్మిందే బీటామూవీ. క్యామెరా ప్లస్ రికార్డరు, అందుకే క్యామ్‌కార్డర్. బరువు రెండున్నర కిలోల దగ్గర.

దాంట్లో ఒక విచిత్రం ఉంది. అది రికార్డు చేస్తుంది, వెనక్కి తిప్పి చూపించదు. డబ్బా చిన్నది చెయ్యడానికి లోపలి హెడ్ డ్రమ్ముని చిన్నది చేశారు, దాంతో ప్లేబ్యాక్ పోయింది. తీసింది సరిగ్గా వచ్చిందో లేదో ఇంటికెళ్ళి బీటామ్యాక్స్ ప్లేయర్లో పెట్టుకుంటే గానీ తెలీదు. మన భాషలో చెప్పాలంటే రైట్-ఓన్లీ మెమొరీ!

మరుసటి ఏడాది, 1984లో, జేవీసీ జీఆర్-సీ1 దించింది. ఇది తీసింది చూపిస్తుంది కూడా. 'బ్యాక్ టు ది ఫ్యూచర్' సినిమాలో 1955 నాటి టీవీకి తగిలించేది ఈ కెమెరానే. ఇందులో వాడింది వీహెచ్ఎస్-సీ అనే చిన్న క్యాసెట్. దాన్ని మామూలు సైజు అడాప్టరులో పెట్టి, ఆ అడాప్టరుని తీసుకెళ్ళి ఇంట్లో వీసీఆర్లో తోసెయ్యొచ్చు. కష్టమల్లా నిడివి, మొదట్లో క్యాసెట్‌కి 20 నిమిషాలే.

1985లో సోనీ వీడియో8 కెమెరాలు, హ్యాండీక్యామ్ అనే పేరు వచ్చాయి. టేపు వెడల్పు 8 మి.మీ., చూడ్డానికి ఆడియో క్యాసెట్ అంత. ఒక టేపులో గంటన్నర దాకా పడుతుంది. అన్నిట్లో చవగ్గా రావాలని చేసిన సీసీడీ-ఎం8లో మళ్ళీ అదే కోత, అది కూడా రికార్డు మాత్రమే చేసేది. చవక మోడల్ అంటే ఏదో ఒకటి కొయ్యాలి కదా, ఎప్పుడూ కోత పడేది తరవాత చూసుకునే దాని మీదే!

మరి ఆ రోజుల్లో కొనేవాడు ఏం ఆలోచించాలి? వీహెచ్ఎస్-సీ కొంటే టేపు చిన్నది, కానీ ఊళ్ళో ఏ వీసీఆర్లో అయినా ఆడుతుంది. వీడియో8 కొంటే గంటన్నర వస్తుంది, కానీ టేపు పెట్టుకునే ప్లేయరు ఆ కెమెరానే. కెమెరా చచ్చిపోయిన రోజున టేపులన్నిటికీ ఒక్కసారే నోరు మూతపడుతుంది. మేం ఇంజినీర్లం దీన్నే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. షాపులో మాత్రం దీన్ని "ఎంత చిన్నగా ఉందో చూశారా!" అంటారు.

కువైట్ నుంచి వచ్చిన డబ్బా

1989లో సోనీ సీసీడీ-టీఆర్55 వచ్చింది. 790 గ్రాములు. పాస్‌పోర్టంత సైజని ప్రచారం చేశారు. అప్పటి నుంచి క్యామ్‌కార్డరు ప్రయాణాల్లో సామాను అయిపోయింది. 1992లో షార్ప్ వాడు వ్యూక్యామ్‌తో కంటికి ఆనించి చూసే గొట్టం తీసేసి, వెనక నాలుగంగుళాల తెర పెట్టాడు. కన్ను మూసుకుని తంటాలు పడకుండా తియ్యడం అక్కడ మొదలైంది.

ఆ మధ్యలోనే, 1991 మార్చి 3న, లాస్ ఏంజెలెస్‌లో జార్జ్ హాలిడే అనే ఆయన తన అపార్ట్‌మెంట్ బాల్కనీలోంచి వీడియో8 హ్యాండీక్యామ్‌తో, రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని పోలీసులు కొడుతుండగా తీశాడు. ఆ టేపు టీవీలో వచ్చింది. మరుసటి ఏడాది ఆ పోలీసుల్ని జ్యూరీ వదిలేస్తే ఊరు తగలబడిపోయింది. బారసాలలు తీసుకోడానికి కొనే డబ్బా కోర్టులో సాక్ష్యం అయ్యింది.

మన దగ్గర పరిస్థితి వేరు. కలర్ టీవీ ప్రసారాలే 1982 ఏషియాడ్ ఏడాదిలో మొదలయ్యాయి. ఆ తరవాత వీసీఆర్ అంటే రాత్రికి అద్దెకి తెచ్చుకునే వస్తువు. వీడియో కెమెరా అంటే పెళ్ళిలో మొహం మీద లైటు కొట్టే వీడియో అతనిది. సొంత క్యామ్‌కార్డరు అంటే ఇంట్లో ఎవరో గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నట్టు లెక్క. మా కోనసీమ వైపు గల్ఫ్ వెళ్ళినవాళ్ళకి లోటు లేదు. మా పెదనాన్న కువైట్‌లో డ్రైవరు. 1990 ఆగస్టులో ఇరాక్ దాడి చేసినప్పుడు లక్ష మందికి పైగా భారతీయుల్ని విమానాల్లో వెనక్కి తెచ్చారు కదా, అందులో ఆయనా ఒకడు. కట్టుబట్టలతో దిగాడట. మళ్ళీ వెళ్ళాడు. 1992లో సెలవు మీద వచ్చేటప్పుడు ఈ వీడియో8 కెమెరా తెచ్చాడు.

"అదే ఎందుకు కొన్నావు పెదనాన్నా?" అని అడిగాను మొన్న.

"షాపులో అన్నిటికంటే తక్కువది ఏదని అడిగాను. ఇది ఇచ్చాడు" అన్నాడు. ఫార్మాట్ల యుద్ధం మీద ఇంతకంటే నిజాయితీ గల విశ్లేషణ నేను ఇంకెక్కడా చదవలేదు.

ఒకటి మాత్రం కలిసొచ్చింది. కువైట్ కూడా మనలాగే పాల్ పద్ధతి దేశం, 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు. అందుకని టీవీకి తగిలించగానే బొమ్మ వచ్చింది. అమెరికా నుంచి తెచ్చుకున్నవాళ్ళకి ఆ అదృష్టం లేదు. అక్కడ ఎన్టీఎస్సీ, 525 గీతలు, సెకనుకి దాదాపు 30 ఫ్రేములు. రెండు పద్ధతులూ తెలిసిన టీవీ ఇంట్లో లేకపోతే బొమ్మ దొర్లిపోవడమో, రంగులు పోయి నలుపు తెలుపుల్లో కనబడడమో జరిగేది. అమెరికా నుంచి క్యామ్‌కార్డరు తెచ్చే మనవాళ్ళు బొత్తిగా పట్టించుకోని విషయాల్లో ఇదే మొదటిది.

పదమూడు జీబీల గంట

1995లో డీవీ వచ్చింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన మినీడీవీ క్యాసెట్లో అంకెల రూపంలో వీడియో. సెకనుకి 25 మెగాబిట్లు, ధ్వనీ మిగతా హంగులూ కలుపుకుంటే గంటకి సుమారు 13 జీబీ. దాంతోబాటే ఫైర్‌వైర్ అనే తీగ. ఆ తీగ మీద కంప్యూటరుకి ఎక్కించుకుంటే బిట్టు కూడా తేడా రాదు. వీహెచ్ఎస్ రోజుల్లో కాపీకి కాపీ తీసినకొద్దీ బొమ్మ అలుక్కుపోయేది. ఇక్కడ వందో కాపీ కూడా మొదటిదే. నా మట్టుకు నాకు ఇంటి వీడియో చరిత్రలో అతి పెద్ద మలుపు ఇదే.

కానీ 13 జీబీ ఎక్కడ పెట్టాలి? 1999 అక్టోబరులో యాపిల్ ఐమ్యాక్ డీవీ అని ఒకటి తెచ్చి, ఐమూవీ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు కూడా ఇచ్చింది. ఇంటి వీడియోల కోసమనే చేసిన ఆ కంప్యూటర్లో హార్డ్ డిస్కు 10 జీబీ, ఖరీదైన రకంలో 13 జీబీ! ఒక గంట టేపు ఎక్కిస్తే ఇంక ఆపరేటింగ్ సిస్టమ్‌కి చోటుండదు. అందుకే చాలామంది తీసిన టేపుల్ని బీరువాలో పెట్టేశారు. "తరవాత ఎప్పుడైనా ఎక్కిద్దాం" అనుకున్నారు. ఆ "తరవాత" అనేది ఎప్పటికి వచ్చిందో మీకు తెలుసు, మీ ఇంట్లో కూడా ఉండే ఉంటాయి.

అదే 1999లో సోనీ డిజిటల్8 తెచ్చింది. పాత 8 మి.మీ. టేపు మీదే డీవీ రాసే పద్ధతి. మినీడీవీ కంటే కెమెరా లావు, హోదా తక్కువ, ధర కూడా తక్కువ. అప్పట్లో దీన్ని చవక బేరంలాగే చూశారు. కానీ ఈ కెమెరాల్లో చాలావాటికి ఒక సుగుణం ఉంది. పాత వీడియో8 టేపు పెడితే చదివి, అప్పటికప్పుడు అంకెలుగా మార్చి, ఫైర్‌వైర్‌లో బయటికి పంపుతాయి. వెనకటి తరం టేపుని చేతులు పట్టుకుని ముందు తరంలోకి దాటించే పడవ అన్నమాట.

2006లో బాబాయ్ చేసిన పరిశోధన

బాబాయ్ వై2కే హడావిడిలో అమెరికా వెళ్ళిన బ్యాచ్. 2006లో వాళ్ళ పాపకి అన్నప్రాసన ఊళ్ళో చెయ్యాలనుకుని, దానికోసం కెమెరా కొందామని కూర్చున్నాడు. ఆయన అప్పటి ఎక్సెల్ షీటు ఇప్పటికీ మెయిల్లో ఉంది, నాకు పంపించాడు (మా వంశంలో ఈ జబ్బు నాతో మొదలవలేదని తేలిపోయింది).

ఆ ఏడాది ఎంట్రీ లెవెల్లో ముఖ్యంగా మూడు దార్లు. మినీడీవీ టేపు, 8 సెంటీమీటర్ల డీవీడీ, హార్డ్ డిస్కు. మూడిట్లో చవకది టేపే. డీవీడీ క్యామ్‌కార్డరు 2000లో హిటాచీతో మొదలైంది. హార్డ్ డిస్కు రకాన్ని 2004లో జేవీసీ ఎవెరియోతో మొదలెట్టింది. ఏవీసీహెచ్‌డీ అనే హైడెఫినిషన్ పద్ధతిని సోనీ, పానాసోనిక్ ఆ 2006లోనే ప్రకటించాయి గానీ అది మన బడ్జెట్‌కి అందేది కాదు.

డబ్బా మీద అంకెలు మాత్రం చవకవాటికే ఎక్కువ ఉండేవి. 'వందల ఎక్స్' డిజిటల్ జూమ్ అని పెద్దక్షరాల్లో వేసేవాళ్ళు. డిజిటల్ జూమ్ అంటే ఉన్న బొమ్మలో మధ్య ముక్క కత్తిరించి సాగదియ్యడమే, లెన్సు చేసేదేం లేదు. పనికొచ్చేది ఆప్టికల్ జూమ్ అంకె. దానికంటే ముఖ్యమైన సంగతి సెన్సారు సైజు. అది చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉండేది. చవక మోడళ్ళలో అంగుళంలో ఆరో వంతు అనేవాళ్ళు, కొలిస్తే అంత కూడా ఉండదు. గోరు మీద పట్టే ఆ ముక్కకి మన ఇళ్ళలో ట్యూబులైటు వెలుగు ఏం సరిపోతుంది? అందుకే ఆ కాలం వీడియోల్లో పగలు వాకిట్లో తీసినవి బావుంటాయి, రాత్రి భోజనాలు తీసినవన్నీ ఇసక జల్లినట్టుంటాయి. మైకు జాక్ ఉందా లేదా అన్నది ఎక్సెల్ షీటులో లేనే లేదు. అడిగితే "ధ్వని గురించి ఎవరూ ఆలోచించలేదురా" అన్నాడు.

చివరికి బాబాయ్ మినీడీవీ కాదని డీవీడీ కొన్నాడు. ఎందుకో షీటులో చివరి గడిలో రాసుకున్నాడు, "అమ్మకి ఆ రాత్రే చూపించొచ్చు" అని. ఊళ్ళో మామ్మ దగ్గర డీవీడీ ప్లేయరు ఉంది. టేపైతే కంప్యూటరుకి ఎక్కించి, ఎడిట్ చేసి, డిస్కు కాల్చి పంపాలి. ఆయనకి ఉన్నది మూడు వారాల సెలవు.

బుల్లి డీవీడీలో పట్టేది 1.4 జీబీ. మామూలు క్వాలిటీలో అరగంట, మంచిదైతే 20 నిమిషాలు. దీనికి ఫైనలైజ్ అని ఒక తంతు ఉంది. తియ్యడం అయిపోయాక మెనూలోకి వెళ్ళి ఆ మీట నొక్కితే, డిస్కులో ఏది ఎక్కడుందో చెప్పే విషయసూచిక రాసి మూసేస్తుంది. అది చెయ్యకపోతే వీడియో డిస్కు మీద ఉన్నా బయటి ప్లేయర్లకి కనబడదు. పుస్తకం రాసి అట్ట, పేజీ నంబర్లు వెయ్యకుండా వదిలేసినట్టు. బాబాయ్ పదకొండు డిస్కుల్లో నాలుగే ఫైనలైజ్ చేశాడు. మిగతావి "ఇంకా చోటుంది కదా, తరవాత చేద్దాం" అని వదిలేశాడు. ఆ తరవాత కెమెరా చెడిపోయింది.

ఆఖరి అంకం త్వరగా ముగిసింది

ఆ తరవాతి కథ మీకు తెలిసిందే, క్లుప్తంగా చెప్తాను. 2005లో అమెరికాలో సీవీఎస్ మందుల షాపుల్లో 30 డాలర్లకి ఒక వాడి పారేసే క్యామ్‌కార్డరు అమ్మారు. 20 నిమిషాలు తీసి షాపులో ఇస్తే, ఇంకో 13 డాలర్లు తీసుకుని డీవీడీ ఇచ్చేవాళ్ళు. దాన్ని చేసిన ప్యూర్ డిజిటల్ కంపెనీయే 2007లో ఫ్లిప్ వీడియో తెచ్చింది. ఎర్ర మీట ఒకటి, పక్కనుంచి బయటికొచ్చే యూఎస్‌బీ ఒకటి. టేపు లేదు, డిస్కు లేదు, ఆప్టికల్ జూమూ లేదు. అంతకు ముందే, 2005లో, యూట్యూబు వచ్చేసింది కాబట్టి తీసింది పెట్టుకోడానికి చోటూ ఉంది. 2009 మార్చిలో సిస్కో ఆ కంపెనీని 590 మిలియన్ డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది జూన్‌లో వీడియో తియ్యగల ఐఫోన్ 3జీఎస్ వచ్చింది. 2011 ఏప్రిల్‌లో సిస్కో ఫ్లిప్‌ని మూసేసింది. చవక క్యామ్‌కార్డరు చరిత్రలో అత్యంత చవకైన, అత్యంత సులువైన వస్తువు నాలుగేళ్ళు బతికింది. అక్కణ్ణుంచి ఎంట్రీ లెవెల్ క్యామ్‌కార్డరు అంటే జేబులో ఫోనే.

ఇటు పాతవాటి తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. 2016 మార్చిలో సోనీ బీటామ్యాక్స్ క్యాసెట్లు ఆపేసింది, ఆ జులైలో ఫునాయ్ వీసీఆర్ల తయారీ ఆపింది. 2015లోనే ఆస్ట్రేలియా జాతీయ ఫిల్ము, ధ్వని భాండాగారం వాళ్ళు 2025ని గడువుగా పెట్టి, ఆలోగా అంకెల్లోకి మార్చని టేపులు చాలామటుకు పోయినట్టే అని హెచ్చరించారు. టేపు పాడవ్వడం సగం కారణం, ఆడించే యంత్రాలూ బాగుచేసే మనుషులూ లేకపోవడం మిగతా సగం. 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ టాహోలో యాపిల్ ఫైర్‌వైర్‌ని తీసేసింది. లినక్స్‌లో ఆ విభాగం చూసే ఆయన 2029 వరకు నడుపుతానన్నాడు. ఆ మహానుభావుడికో దండం.

పెట్టె విప్పితే

ఇక మా పెట్టె సంగతి. పాల్ టేపుకి పాల్ కెమెరానే కావాలి, కాబట్టి బాబాయ్ అమెరికాలో స్నేహితుడి దగ్గర సంపాదించిన డిజిటల్8 కెమెరా పనికిరాలేదు (అది ఎన్టీఎస్సీ). హైదరాబాదులో ఒక పెళ్ళి వీడియోల ఆయన దగ్గర పాల్‌ది దొరికింది. ఆయన దాన్ని అమ్మనన్నాడు, రెండు వారాలకి అద్దెకిచ్చాడు. పాత డెస్క్‌టాప్‌లో ఫైర్‌వైర్ కార్డు వేసి, లినక్స్‌లో డీవీగ్రాబ్ నడిపాను. ఏడు టేపుల్లో ఆరు ఆడాయి. ఏడోదానికి తెల్లగా బూజు పట్టింది. కోనసీమ గాలిలో తడి సంగతి తెలుసు కదా. ఆ టేపు పెడితే కెమెరా హెడ్ కూడా పాడవుతుందని పెట్టలేదు, బూజు శుభ్రం చేసేవాళ్ళకి ఇవ్వాలి.

డిస్కుల్లో, ఫైనలైజ్ చెయ్యని ఏడిట్లో మూడు దక్కాయి. విషయసూచిక లేకపోయినా సెక్టార్లు వరసగా చదివి వీడియో ముక్కలు ఏరే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. మిగతా నాలుగూ చదవడానికే రాలేదు. ఫైనలైజ్ చేసిన నాలుగిట్లో రెండు బావున్నాయి. ఇంకో రెండు మాత్రం గీతలు పడి పడి అరిగిపోయాయి. అన్నప్రాసన ఉన్నది ఆ రెండిట్లోనే.

ఫోన్లో ఇది చెప్తే బాబాయ్ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "వంద డాలర్లు ఎక్కువ పెట్టి పిచ్చి పని చేశాన్రా. టేపు కొనుంటే ఉండేది" అన్నాడు.

నేనూ అలాగే అనుకున్నాను, అమ్మ చెప్పేదాకా. ఆ రెండు డిస్కులూ ఊరికే అరిగిపోలేదట. బాబాయ్ వాళ్ళు వెళ్ళిపోయాక మామ్మ రోజూ మధ్యాహ్నం భోజనం చేసి, పనమ్మాయి చేత అవే పెట్టించుకుని చూసేదట. అయిదేళ్ళు చూసింది. టేపైతే బీరువాలో భద్రంగా ఉండేది, ఇవాళ మాకు దొరికేది. కానీ ఆవిడ చూసేది కాదు. మామ్మ చూడ్డం కోసం కొన్న కెమెరా, మామ్మ చూసి చూసి అరగదీసింది. దీన్ని తప్పు ఎంపిక అని ఏ షీటులో రాస్తాం? చెయ్యాల్సింది ఆ నాలుగు డిస్కులకీ ఇంకో కాపీ తియ్యడం, మిగతా ఏడిటికీ ఆ మీట నొక్కడం. అయిదు నిమిషాల పని.

అందుకని, ఇవాళ పాప పుట్టిందనో, అమ్మానాన్నలు వస్తున్నారనో ఏం కొనాలని ఎవరైనా అడిగితే ఎక్స్‌లూ మెగాపిక్సెళ్ళూ చెప్పడం మానేశాను. మూడే అడుగుతున్నాను. తీసింది ఆ కెమెరా లేకుండా ఇంకెక్కడైనా ఆడుతుందా? మార్పు లేకుండా కాపీ తీసుకోవచ్చా? ఆ రెండో కాపీ ఎవరింట్లో ఉంటుంది? ఫోనుకైనా, క్లౌడుకైనా ఇవే. పాస్‌వర్డు తెలిసిన మనిషి ఒక్కడే అయితే అది కూడా 1985 నాటి వీడియో8 కెమెరాలాంటిదే, ఆ ఒక్కటీ పోతే అన్నీ పోతాయి. ఇంకొక మాట, చవక కెమెరా అయినా పర్లేదు గానీ మనిషి మాట్లాడేటప్పుడు దగ్గరగా నించుని తియ్యండి. జూమ్ బొమ్మని దగ్గరికి తెస్తుంది, గొంతుని తీసుకురాదు.

మామ్మ గొంతు దొరికిందా అంటే, దొరికింది. మూడో టేపులో, 1992లో, నేను పుట్టడానికి అయిదేళ్ళ ముందు. పెదనాన్న కొత్త మోజులో కొబ్బరిచెట్ల మీదికి జూమ్ చేసి చేసి చూస్తుంటాడు. బొమ్మ ఊగిపోతుంటుంది. మామ్మ కనబడదు. వెనక నుంచి, చాలా దగ్గర్నించి, గట్టిగా వినబడుతుంది - "అన్నం చల్లారిపోతోందిరా, ఆ డబ్బా అవతల పెట్టి రా ముందు."

పద్నాలుగు సెకన్లు. ఇప్పటికి అయిదు ఇళ్ళలో కాపీ ఉంది. పెద్దమ్మ దాన్ని రింగ్‌టోన్‌గా పెట్టించుకుంది.